పెళ్ళివారికి మాటిచ్చిన చేప

మా ఇంటి వెనక ఒక గుంట ఉంది. ఖరగ్‌పూర్‌లో ఈ మాట అంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. ఇక్కడ ఇంటి వెనక నీళ్ళ గుంట ఉండటం, ఇంటి ముందు చెప్పులు ఉండటం లాంటిదే. చిక్కల్లా శ్రీకాకుళం ఫోను చేసి చెప్పినప్పుడే. అక్కడ గుంట అంటే ఆడపిల్ల. "మా ఇంటెనకాల ఒక గుంటున్నాది మావా, దాన్ని జాగర్తగా సూసుకుంతన్నాను" అన్నాను మా మేనమామతో. అవతల గది తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "అమ్మాయికి తెలుసేట్రా?" అన్నాడు. అమ్మాయి అంటే మా ఆవిడ. ఆవిడకి తెలుసు. ఆ గుంట పక్కనే కూర్చుని గిన్నెలు తోముతోంది.

గుంట తవ్వించింది నేనే. కాని చేపల కోసం కాదు. వర్క్‌షాపులో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రైల్వే క్వార్టర్లోనే గడిపాం. రిటైరయ్యే ముందు సాలువా రోడ్డు వైపు కాస్త స్థలం తీసుకుని ఇల్లు కట్టాం. స్థలం పల్లంగా ఉంది, ఎత్తు చేయకపోతే వానాకాలం మంచాల మీద వంట చేసుకోవాలి అన్నాడు మేస్త్రీ. ఎత్తుకి మట్టెక్కడిది అంటే, మీ వెనక స్థలంలోదే తీసి ముందు పోద్దామన్నాడు. అలా మా ఇల్లు పైకి వచ్చినకొద్దీ మా పెరడు కిందకి పోయింది. మొదటి వానకే ఆ గొయ్యి నిండింది. ఎర్ర మోరం నేల కావడాన నీళ్ళు అచ్చం ప్లాట్‌ఫారం టీ రంగులో ఉన్నాయి.

పక్కింట్లో ఒక బెంగాలీ ఆయన ఉన్నాడు. ఆయన నన్ను దాదా అంటాడు, నేను ఆయన్ని దాదా అంటాను. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆ దాదా గోడ మీంచి గుంటని చూసి, పెళ్ళి కాని కొడుకుని చూసినట్టు నిట్టూర్చాడు. నీళ్ళుండి చేపలు లేకపోవడం బెంగాల్లో ఒక విధమైన అనాచారం. మా వాళ్ళు తులసికోట లేని ఇంటిని చూసినట్టు చూస్తారు.

సరే, చేపలు వేద్దామనుకున్నాను. ముందు సున్నం చల్లమన్నాడు దాదా. సున్నంతో నాకున్న పరిచయం తమలపాకు వరకే. ఎంత చల్లాలో తెలియక ఆకుకి రాసినట్టు ఒడ్డంతా రాసి వచ్చాను. ఆయన నవ్వి, బుట్టెడు సున్నం తనే తెచ్చి చల్లాడు. తర్వాత ఆవుపేడ వేశాం. తర్వాత ఒకరోజు పొద్దున్నే చేపపిల్లలమ్మేవాడు సైకిలు మీద వచ్చాడు. వెనక క్యారియరు మీద పెద్ద అల్యూమినియం హండీ. సైకిలు దిగిన దగ్గర్నుంచీ అరచేత్తో ఆ హండీలో నీళ్ళని కొడుతూనే ఉన్నాడు. నీళ్ళు కదలకపోతే పిల్లలకి ఊపిరాడదట. మనతో మాట్లాడుతూ, బీడీ కాల్చుకుంటూ, ఆ చెయ్యి మాత్రం ఆపడు. మృదంగం వాయిస్తూ ఊళ్ళు తిరిగే మనిషిలా ఉన్నాడు.

"ఎన్ని వెయ్యమంటారు?" అన్నాడు.

ఇక్కడే నా షాపు బుద్ధి అడ్డొచ్చింది. వర్క్‌షాపులో పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళందరికీ ఒక విద్య తెలుసు. స్టోర్సుకి ఇండెంటు పెట్టేటప్పుడు కావలసిన దానికి రెట్టింపు అడగాలి. స్టోర్సువాడు ఎలాగూ సగమే ఇస్తాడు. ఆ సగంలో సగం తుప్పు పట్టినవి వస్తాయి. అందుకని రెట్టింపుకి రెట్టింపు అడిగినవాడే బతికి బట్టకడతాడు. మా నాన్న అలాగే అడిగాడు, నేనూ అలాగే అడిగాను, బోల్టులయినా బేరింగులయినా. ప్రకృతి కూడా ఒక స్టోర్సు డిపార్టుమెంటే అనుకుని, హండీ మొత్తం వంచెయ్యమన్నాను.

వాడు నీళ్ళు కొట్టడం ఒక్క క్షణం ఆపి నా మొహం చూశాడు. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టి, "మొత్తమా?" అన్నాడు.

"మొత్తం. సగం ఎలాగూ పోతాయి గదా."

ఒక్కటీ పోలేదు. ఇండెంటు పెట్టినదంతా చేతికొచ్చిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే. శీలావతి, బొచ్చె, మోసు అన్నీ కలిసి, జనరల్ బోగీలో పండగ జనంలా సర్దుకున్నాయి. ఇక్కడ వాటినే రుయి, కాత్లా, మృగేల్ అంటారు. తవుడు, ఆవచెక్క నేను వేసేవాణ్ణి. మా ఆవిడ మిగిలిన ఇడ్లీ, మాడిన ఉప్మా వేసేది. నీళ్ళు ఎసరులా కుతకుతలాడేవి. అన్ని నోళ్ళు ఒకేసారి తెరుచుకోవడం చూస్తే నాకు గర్వంగా ఉండేది. రిటైరయ్యాక నన్ను చూసి నోరు తెరిచినవాళ్ళు అవే.

ఆ గర్వం మీద ఉండగానే వియ్యంకుడు వచ్చాడు. అంటే, అప్పటికింకా కాబోయే వియ్యంకుడు. మా అబ్బాయి, వాళ్ళమ్మాయి ఒకే ఆఫీసులో పనిచేస్తారు. వాళ్ళు నిర్ణయించుకున్నదాన్ని మేం పెద్దలం కూర్చుని మళ్ళీ నిర్ణయించే కార్యక్రమం అది. ఆయన బెంగాలీ, ఊళ్ళోనే ఖరిదాలో మందుల దుకాణం. మంచి మనిషి, నెమ్మదైన గొంతు. మాటల మధ్య వాళ్ళ పెళ్ళి పద్ధతులు చెప్పాడు. పెళ్ళికి ముందు పసుపు వేడుకకి మగపెళ్ళివారి ఇంటి నుంచి ఆడపెళ్ళివారికి తత్త్వ వెళ్ళాలట. తత్త్వమంటే ఇన్నాళ్ళూ వేదాంతమనుకున్నాను. వాళ్ళ తత్త్వమంటే పళ్ళేలు: చీరలు, మిఠాయిలు, పెరుగు, పసుపు. అన్నిటికంటే ముఖ్యం ఒక పెద్ద రుయి చేప. దానికి పెళ్ళికూతురిలా చీర కట్టి, బొట్టు పెట్టి, ముక్కుపుడక పెట్టి, నోట్లో తమలపాకు చిలక పెట్టి పంపాలి.

"అది మీకు కష్టమైతే మేమే బజార్లో కొని మీ పేరున పెట్టుకుంటాం," అన్నాడాయన, చాలా మర్యాదగా. "మీ తెలుగువాళ్ళు చేపని తింటారు గాని, చేపతో మీకు పరిచయం తక్కువ."

మర్యాదగా అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆయన్ని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. మా ఆవిడ అప్పుడే ఇడ్లీ ముక్కలు విసిరింది. నీళ్ళన్నీ నోళ్ళయ్యాయి. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మా అబ్బాయి పెళ్ళికి చేప ఈ గుంటలోంచే వస్తుంది. బజారు చేప మీ గడప తొక్కదు. ఇది నా మాట," అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కి, "అయితే నేనూ అందరికీ చెప్పుకుంటాను," అన్నాడు. చెప్పుకున్నాడు కూడా. వారం తిరక్కుండానే ఖరిదా బజార్లో ముక్కూమొహం తెలియని కూరగాయలాయన నన్ను ఆపి, మీ చేప ఎలా ఉంది అని అడిగాడు.

"మాటిచ్చేసినారు," అంది మా ఆవిడ ఆ సాయంత్రం. "మీ గుంటలో సేపని ఎప్పుడైనా తిన్నగా సూసినారేటి? నాను రోజూ సూత్తన్నాను. నోళ్ళే ఉన్నాయి. ఎనకాల సేప లేదు."

ఎండలు ముదురుతుండగా ఒకరోజు తెల్లారి గుంట దగ్గరికి వెళ్తే చేపలన్నీ నీటిపైకి వచ్చి, తలలు పైకెత్తి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. నేనింకా ఏమీ వెయ్యనేలేదు. నమస్కారం పెడుతున్నాయనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చెయ్యెత్తి ప్రతినమస్కారం కూడా చేశాను.

"దాదా," అన్నాడు గోడ మీంచి దాదా, "అవి నమస్కారం పెట్టట్లేదు. ఊపిరాడక ఖాబీ తింటున్నాయి." ఖాబీ తినడమంటే గుక్క తిప్పుకోలేక నోరు కొట్టుకోవడం. ఎందుకలా అని నేనడిగాను, ఎన్ని వేశారని ఆయన అడిగాడు. చేపలు నీళ్ళు నమిలాయి. నేనూ నమిలాను.

ముందు ఊపిరి పొయ్యాలి కదా. నీళ్ళు కొట్టమన్నాడు. హండీవాడిలా అరచేత్తో కొడితే గుంట నవ్వుతుంది. అందుకని నేనొక వెదురుకర్ర, మా ఆవిడ ఒక వెదురుకర్ర పట్టుకుని చెరో గట్టున నిలబడి నీళ్ళని బాదాం. మళ్ళీ మర్నాడూ బాదాం. తెల్లారగానే లేచి, మొహం కడుక్కుని, దంపతులిద్దరం గుంటని చావగొట్టడం మా దినచర్య అయింది. మా వెనక సందులోంచి వాకింగుకి వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ గుడిలో కనిపించే ఒక పెద్దావిడ, "ఇదేం మొక్కమ్మా, మా కోడలికి కూడా సెయ్యిద్దును," అని మా ఆవిణ్ణి అడిగింది. ఒక బెంగాలీ ముసలాయన చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, మేం కొట్టడం అయ్యేదాకా నిలబడ్డాడు. ఒకరోజు ఎవరో కంచె పక్కన రెండు అరటిపళ్ళు, వెలిగించిన అగరుబత్తి పెట్టి వెళ్ళారు. అరటిపళ్ళు మేం తిన్నాం.

ఇలా కాదని దాదా ఒక వలవాణ్ణి పిలిపించాడు. వాడు ఒక లాగుడు లాగాడు. ఒడ్డుకొచ్చిన వల వెండి చెమ్కీల చీరలా మెరిసింది. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ వేలెడు చేపలు. తలకాయలు పెద్దవి, ఒళ్ళు సన్నం. ఏడాది కావస్తోంది, ఇడ్లీ తిన్నాయి, ఉప్మా తిన్నాయి, ఒక్కటీ అరచెయ్యి దాటలేదు. చోటు లేకపోతే చేప పెరగదట. బతుకుతుంది, ఎదగదు. ఆ రోజుల్లో మా క్వార్టర్లో పదిమందిమి పెరిగాం కాబట్టే నా పొడుగు ఇంతేనని నాకప్పుడు తత్త్వం బోధపడింది.

"దీనికా సీర కడతారు?" అంది మా ఆవిడ, అరచేతిలో ఒక శీలావతిని పెట్టుకుని. "జేబురుమాలు సాలు."

వియ్యంకుడు అదే రోజు ఫోను చేశాడు. చేప బావుందా అన్నాడు. బావుందన్నాను. ఎంతయింది అన్నాడు. "పెరుగుతోంది," అన్నాను. పెరుగు కూడా తత్త్వలో ఉంటుంది గదా అని నవ్వబోయాను గాని, నా నవ్వు నాకే వినపడలేదు.

గుంటలో కొన్నిటిని మాత్రమే ఉంచి, మిగతావన్నీ తీసేశాం. ఇన్ని చేపలు ఏం చేసుకుంటాం? ఇగురు పెట్టాం, పులుసు పెట్టాం, వేపుడు చేశాం. దాదాకి ఇచ్చాం, దాదా గోడవతల వాళ్ళకి ఇచ్చాం. తర్వాత స్కూటరు ముందు బకెట్టు పెట్టుకుని న్యూ సెటిల్‌మెంట్‌లో మా చుట్టాల క్వార్టర్లన్నీ తిరిగాను. మొదటి వారం కాఫీ ఇచ్చారు. రెండో వారం మంచినీళ్ళు ఇచ్చారు. ఆ తర్వాత నా స్కూటరు మలుపు తిరగ్గానే తలుపులు మూసుకునేవి. మా పెద్దమ్మ కొడుకైతే లోపలి నుంచే, "ఇంట్లో ఎవులూ లేరు!" అని అరిచాడు. అది అతని గొంతే అని చెప్పాను. "నానూ లేను!" అన్నాడు.

అలా గుంట కాస్త ఖాళీ అయ్యాక మిగిలినవి ఊపిరి పీల్చుకున్నాయి. వానలు పడ్డాయి, నీళ్ళు పెరిగాయి. వాటిలో ఒక శీలావతి మాత్రం, ఎవరో పంపుతో గాలి కొడుతున్నట్టు పెరగడం మొదలుపెట్టింది. తోక ఎర్రగా ఉండేది, పొలుసులకి రాగి అంచు. మా ఆవిడ గట్టున గాజుల చెయ్యి కదిపితే చాలు, ఎక్కడున్నా వచ్చేది. నేను పిలిస్తే వచ్చేది కాదు. మా ఇంట్లో నా మాట వినని వాళ్ళ జాబితాలో అదొకటి చేరింది.

పెళ్ళికూతురి వేషం వెయ్యబోతున్నాం కదా అని మా ఆవిడ దాన్ని పెద్దకోడలు అనేది. ఇది కొంత దూరం వెళ్ళింది. ఒకరోజు అబ్బాయి కంగారుగా వచ్చాడు.

"అమ్మా, నిన్న ఫోన్లో తనతో ఏం మాట్లాడావు?"

"ఏటి మాటాడతాను? పెద్దకోడలు రెండ్రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు, దిగులుగా ఉన్నాదన్నాను."

"నేను ఒక్కణ్ణే కొడుకునని తనకి తెలుసమ్మా. ఈ పెద్దకోడలెవరు, ఇప్పుడెక్కడుంది అని అడుగుతోంది."

"గుంటలో ఉన్నాదని సెప్పు."

"అదే చెప్పాను. ఇంకా గోల పెట్టింది."

ఆ అమ్మాయి స్వయంగా వచ్చి, గట్టున కూర్చుని, పెద్దకోడల్ని చూసి వెళ్తే గాని ఆ గొడవ చల్లారలేదు. ఆ తర్వాత నాకు పని ఎక్కువైంది. కొంగ ఒకటి రోజూ వచ్చి ఒంటికాలి మీద జపం చేసేది. ఉడుము ఒకటి గట్టున పడున్న సిమెంటు పైపులో కాపురం పెట్టింది. నేను గొడుగు వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో, లెవెల్ క్రాసింగు గేటుమాన్‌లా కూర్చునేవాణ్ణి. మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు అంటారు కదా, నేను మీనాలే లెక్కపెట్టేవాణ్ణి. లెక్క ఒక్కటే: ఉందా, లేదా.

చేప సిద్ధమైంది. ఇక నా మాటకి ఢోకా లేదనుకున్నాను. అప్పుడు ముహూర్తం పెట్టారు.

వాళ్ళ పంజికలో, అంటే పంచాంగంలో, కార్తీకంలో పెళ్ళిళ్ళు లేవు, మార్గశిరానికి వాళ్ళు చెప్పే అగ్రహాయణంలో ఉన్నాయి. అందుకని కార్తీకం అయిపోగానే మొదటి మంచిరోజు చూశారు. కాని వాళ్ళ నెల సూర్యుడితో నడుస్తుంది, మన నెల చంద్రుడితో. ఇద్దరూ ఒకే స్టేషన్లో దిగరు. వాళ్ళకి అగ్రహాయణం వచ్చేసిన రోజున మనకింకా కార్తీక బహుళం నడుస్తోంది. మన లెక్కలో పెళ్ళికి శుభమే. చేపకే అశుభం. కార్తీకమంతా మా ఇంట్లో నీసు వండరు, ముట్టరు. పైగా మా ఆవిడ ఆ నెలంతా పొద్దున్నే అరటిదొప్పలో దీపం పెట్టి ఆ గుంటలోనే వదిలింది. పెద్దకోడలు వచ్చి ఆ దొప్పని ముక్కుతో పొడిచి కాస్త దూరం తోసేది. "సూడండి, దీపాన్ని నడిపిస్తన్నాది," అని మా ఆవిడ లెంపలేసుకునేది.

"ఆ దీపాలెట్టిన నీళ్ళలోంచి దాన్ని తీసి సంపుతారా? నా ఒంట్లో పానముండగా కుదర్దు," అంది.

"మాటిచ్చానే."

"మాట మీరిచ్చినారు. సేప ఇవ్వలేదు."

"మరి ఏటి సెయ్యమంతావు?"

ఆవిడ ఒక పూట ఆలోచించింది. సాయంత్రం తీర్పు వచ్చింది. చేప వెళ్ళాలి, మాట నిలవాలి. కాని మా గడపలో దానికి కత్తి తగలకూడదు, ఊపిరి ఆగకూడదు. "బతికే ఎల్తాది. కోడల్ని సంపి అత్తోరింటికి పంపుతారేటి ఎక్కడైనా? ఆళ్ళింట్లో ఆళ్ళేటి సేసుకుంతారో శివుడికీ ఆళ్ళకీ."

పెళ్ళికి ముందురోజు పొద్దున్న పసుపు వేడుక. అబ్బాయికి పసుపు రాసి, ఆ మిగిలిన పసుపే పెళ్ళికూతురికి పంపాలి. చేప లేకుండా పసుపు కదలకూడదు. వలవాడు వచ్చాడు. వల లాగాడు, పెద్దకోడలు వల మీంచి ఎగిరి అవతల పడింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఎగిరింది. శీలావతికి ఆ విద్య పుట్టుకతో వస్తుందట. వలవాడు నా భార్య వైపు తిరిగి, "బౌదీ, మీరు చెయ్యి కదిపితే వస్తుంది కదా," అన్నాడు.

"నమ్మించి పట్టించడం నా వల్ల కాదు," అని ఆవిడ గాజుల చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది.

నేను పంచె ఎగ్గట్టి దిగాను. దిగడం అనడం గౌరవం కోసం. మోరం గట్టు జారింది, నేను కూర్చున్న భంగిమలోనే వెళ్ళాను. నన్ను లాగడానికి దాదా చెయ్యిచ్చాడు, దాదా కూడా వచ్చాడు. ఇద్దరిలో ఎవరు ముందు మునిగారో ఇప్పటికీ తేలలేదు. చివరికి ఒళ్ళంతా పసుపుతో పీట మీద కూర్చున్న అబ్బాయి లేచి, పెళ్ళికొడుకు నీళ్ళలోకి దిగకూడదని ఆడవాళ్ళు అరుస్తుండగానే గుంటలోకి దూకాడు. నీళ్ళు పచ్చబడ్డాయి. ఆ కంగారులో పెద్దకోడలు వల వైపుకి కాక వాడి వైపుకి ఎగిరింది. రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పట్టుకున్నాడో, అది వచ్చి పడిందో చెప్పలేను. మొత్తానికి మా వాడు పైకి వచ్చినప్పుడు ఒంటి మీద పసుపు లేదు, చంకలో చేప ఉంది. వాడికి మళ్ళీ పసుపు రాశారు.

పెద్ద ప్లాస్టిక్ టబ్బులో గుంట నీళ్ళే పోసి పెద్దకోడల్ని ఉంచాం. ఎర్ర చీర చుట్టబోతే నీళ్ళు చల్లింది. చీరని టబ్బుకే కట్టాం. ముక్కుపుడక పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చీర అంచుకి గుచ్చాం. తమలపాకు చిలక నోట్లో పెడితే ఉమ్మేసింది. బొట్టు మాత్రం మా ఆవిడ పెట్టింది. నీళ్ళలో కరిగింది. మళ్ళీ పెట్టింది.

టోటో మాట్లాడుకున్నాం. బ్యాటరీ బండి, మూడు చక్రాలు, నాలుగువైపులా గాలి. మధ్యలో టబ్బు, ఒకవైపు నేను, ఇంకోవైపు మా ఆవిడ. వెనక టోటోలో చీరలు, మిఠాయిలు, పసుపు. చేపకి ఊపిరి ఆగకూడదు కాబట్టి దారి పొడుగునా ఇద్దరం అరచేతుల్తో నీళ్ళు కొడుతూనే ఉన్నాం. గేటు పడింది. గూడ్సు వస్తూనే ఉంది, మేం కొడుతూనే ఉన్నాం. పక్కన మోటారుసైకిలు మీద ఉన్నాయన లోపలికి తొంగిచూసి, "ఏం తీసుకెళ్తున్నారు దాదా?" అన్నాడు.

"పెద్దకోడలు," అంది మా ఆవిడ నాకంటే ముందే, తెలుగులో. ఆయన తలూపి, తెలుగువాళ్ళ సంగతి మనకెందుకన్నట్టు ముందుకి చూస్తూ కూర్చున్నాడు.

ఖరిదాలో వాళ్ళింటి ముందు శంఖాలూదారు, ఉలూలూ అని నాలుకలు తిప్పారు. వియ్యంకుడు చేతులు జోడించి ఎదురొచ్చాడు. వీధి వీధంతా ఉంది. ఆయన నిజంగానే అందరికీ చెప్పుకున్నాడు. పెళ్ళికూతురి మేనత్త, అందరూ పిషీ అంటారు, ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. ఆవిడ వంగి ఎర్రచీర తొలగించింది.

పెద్దకోడలు తోకతో ఒక్కటిచ్చింది. పిషీ గరద్ పట్టుచీర, వియ్యంకుడి కళ్ళజోడు, పక్కనున్న సందేశ్ మిఠాయి పళ్ళెం అన్నీ తడిసి ఎర్రబడ్డాయి. శంఖం ఊదుతున్నావిడ ఊపిరి మధ్యలో ఆగిపోయింది.

"జ్యాంతో!" అన్నారెవరో. బతికుంది!

నా గుండె గుంటలో పడింది. ఇది వాళ్ళలో అపచారమేమో, అవమానమేమో, ఏ పంజికలో ఏముందో. వియ్యంకుడు కళ్ళజోడు తుడుచుకుంటూ నా వైపు చూస్తున్నాడు. బొట్టు పెట్టుకుని బతికొచ్చిన చేపని కొయ్యడానికి ఆ ఇంటి కోడళ్ళిద్దరూ వెనక్కి తగ్గారు. పిషీ మొహం తుడుచుకుంది. టబ్బులోకి మళ్ళీ చూసింది. "ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు చూశాను," అంది. "అందరూ ఐసులో పెట్టిన చేపకి చీర కట్టి పంపారు. తాజా చేప పంపినవాళ్ళు వీళ్ళే. కత్తిపీట తెండి!"

మా ఆవిడ అప్పటికే వరండాలోకి వచ్చేసి, అటు తిరిగి కళ్ళు మూసుకుని "శివ శివ శివ" అంటోంది. లోపల పని ఎంతసేపట్లో అయిందో నాకు తెలియదు. నేనూ అటే తిరిగాను.

వేయించిన మొదటి ముక్కలు వచ్చాయి. తల నాకు పెట్టబోయారు. పెద్దమనిషికి తల పెట్టడం వాళ్ళ మర్యాద. నాకు కార్తీకం, ముట్టనన్నాను. వియ్యంకుడి చెయ్యి గాల్లో ఆగింది. బతికున్న చేపని ఊరంతా తిప్పి తెచ్చినవాడు, తను మాత్రం తిననంటున్నాడు. అక్కడున్న పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అనుమానించేవాణ్ణి.

ఆయన మాత్రం ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆయన మొహంలో ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. "ఖూబ్ భాలో," అన్నాడు, చాలా బాగుందని. మిగతావాళ్ళూ తిని ఖూబ్ భాలో అన్నారు. అందరూ మందు మింగినట్టే అన్నారు. పిషీ ఒక్కతే పళ్ళెం కింద పెట్టింది.

"మట్టి," అంది. "మట్టి వాసన."

మా ఎర్ర మోరం, మా మోటు నీళ్ళు, కదలని గుంట. నీళ్ళు మారని గుంటలో పెరిగిన చేప మట్టి వాసన వేస్తుందని దాదా ఎప్పుడూ చెప్పలేదు. చేపతో మీకు పరిచయం తక్కువ అని వియ్యంకుడు అననక్కర్లేదు, పళ్ళేలే అంటున్నాయి. నాకు టబ్బులో దూరి మూత పెట్టుకోవాలనిపించింది.

వరండాలోంచి మా ఆవిడ గొంతు వినపడింది. నీసు వండే వంటింట్లోకి ఆవిడ రాదు, గోడకి చెప్పినట్టు చెబుతోంది, తన బెంగాలీలో. "పిషీమా, వేపకండి! తెంతుల్ పెట్టండి, తెంతుల్! మిగతా ముక్కలు ఉప్పు, సింతపండు వేసి రుద్ది కడగండి. ఆ తర్వాత సిక్కగా పులుసు పెట్టండి. బెల్లం వెయ్యకండి, నా మీద ఒట్టు! ఎల్లుల్లి వెయ్యండి!"

పిషీ నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "చేప కూరకి చింతపండా?"

"మట్టికి అదే మందు."

"ఎంత?"

"శానా. ఇంకా. సాలదు, ఇంకా ఎయ్యండి."

ఒకావిడ గుమ్మంలో, ఒకావిడ వరండాలో, మధ్యలో ఆ గడప. వాసనలు బయటికి వచ్చినకొద్దీ మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, తినకుండా, చూడకుండా, "ఉప్పు తక్కువైంది," "ఇంకో ఉడుకు రానివ్వండి," అని పులుసు పెట్టించింది. మధ్యమధ్యలో శివ శివ అనుకుంటూనే ఉంది.

ఆకులు వేశారు. వియ్యంకుడు కూర్చున్నాడు. వేపుడు తిన్నంత మర్యాదగానే మొదటి ముద్ద కలిపాడు. నేను ఎదురుగా ఖాళీ చేతులతో కూర్చుని ఆయన దవడలనే చూస్తున్నాను. ఈసారి ఆయన ఖూబ్ భాలో అనలేదు. రెండో ముద్ద కలిపాడు. మూడోది కలిపాడు. పిషీ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటంతన్నారండీ?" అంది మా ఆవిడ బయటి నుంచి.

"ఏమీ అనట్లేదు."

"తింతన్నారా?"

ఆయన ఆకులో పులుసు మిగిలింది, అన్నం అయిపోయింది. తలెత్తకుండానే ఎడం చెయ్యి వంటింటి వైపు చాచి, "భాత్ దావ్ తో," అన్నాడు.

"ఇంకా అన్నం అడుగుతున్నారు," అన్నాను.

"అయితే పిషీగారితో సెప్పండి," అంది మా ఆవిడ, "పులుసు రేపటికి ఇంకా బాగుంతాది, కొంచెం ఎత్తి పెట్టమని."